మౌనం అర్ధాంగీకారం: ఆ సగం ఎంత?

నిన్న ‘మౌనం అర్ధాంగీకారం’ మీద చర్చ నడుస్తుంటే, కొందరు దాన్ని ‘అర్థాంగీకారం’ అని రాశారు. ఇక్కడున్నది సగం అని చెప్పే ‘అర్ధ’, కాబట్టి ‘ధ’ రాయాలి. అర్ధ, అంగీకారం కలిసి సవర్ణదీర్ఘసంధి. ‘థ’ రాస్తే ఆ ‘సగం’ మాయమైపోతుంది. నేను మాట్లాడాలనుకున్నది ఆ సగం గురించే.

పోయిన నెల మా పిన్నిని రక్తపరీక్షకి విశాఖ మహారాణిపేటలో ఒక ల్యాబ్‌కి తీసుకెళ్లాను. రిపోర్టు ఫోన్‌కి వస్తుందంటే నంబరు చెప్పింది. కౌంటర్లో అబ్బాయి ఒక కాగితం జరిపి, వేలితో చోటు చూపించి, సంతకం పెట్టమన్నాడు. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు, చివర గడిలో ముందే అచ్చేసిన టిక్కు. పిన్ని ఏమీ అనకుండా సంతకం పెట్టేసింది. నేనూ చదవలేదు, ఆ బాధ నాకింకా ఉంది. మూడో రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి: హెల్త్ ప్యాకేజీలంటారు, ఇన్సూరెన్సంటారు. నేను ల్యాబ్‌కి ఫోన్ చేసి అడిగితే, “అప్పుడు మీరేమీ అనలేదు కదండీ” అన్నారు. పక్కనే ఉన్న పిన్ని ఆ మాట విని, “మాటాడకపోతే ఒప్పుకున్నట్టేటి?” అంది.

పిన్ని ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ, 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చదివాను. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పిన ఆరేళ్లకు వచ్చిన చట్టం ఇది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

ఆరో సెక్షన్ ప్రకారం, మనిషి తన ఇష్టంతో, విషయం తెలిసి, ఫలానా పనికి అని, షరతు లేకుండా, అనుమానానికి తావు లేకుండా, స్పష్టంగా తానే ఏదో ఒకటి చేసి ఒప్పుకోవాలి. ముందే కొట్టిన టిక్కు మనం చేసిన పని కాదు. పైగా నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. అందులో తెలుగు ఉంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం కూడా, ఇచ్చినంత సులువుగానే ఉండాలి.

ఇక్కడితో మన సామెత ఓడిపోయిందనుకున్నాను. ఏడో సెక్షన్ చదివాక కాదనిపించింది. ఒకామె మందుల షాపులో మందులు కొని, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పెట్టమని నంబరిస్తుంది. వద్దని చెప్పనంతవరకూ షాపువాళ్లు ఆ మెసేజ్‌కి నంబరు వాడుకోవచ్చు. చట్టంలోనే ఉన్న ఉదాహరణ ఇది. ఆమె మౌనం ఆ రసీదు వరకే పనికొస్తుంది, ప్రకటనలకి పనికిరాదు. ‘అర్ధ’ అన్న పెద్దలు సరిగ్గానే అన్నారు, మనమే దాన్ని పూర్తి ఒప్పుకోలుగా వాడుకుంటున్నాం. పెళ్లిచూపుల్లో పిల్ల తల దించుకుంటే “మౌనం అర్ధాంగీకారం” అనేసి తాంబూలాలు పుచ్చేసుకున్న ఇళ్లు మనకి తెలియనివా? అన్నట్టు, ఈ చట్టం ఆడా మగా అందరినీ ‘ఆమె’ అనే అంటుంది. నాకది చాలా నచ్చింది.

ఇక మాటల సంగతి. అంగీకారమంటే ఒకదాన్ని తన అంగంగా, అంటే తనదిగా చేసుకోవడం. సమ్మతిలో ఉన్నది ‘మతి’, మనసు కలవడం. చదవని కాగితంతో మనసెలా కలుస్తుంది? తెలుగు ఫారాల్లో “ఇందుమూలముగా సమ్మతించుచున్నాను” అని కనిపిస్తుంది. అది చదివితే మా పిన్నికి ఇంగ్లీషు చదివినట్టే ఉంటుంది. తెలుగులో నోటీసంటే ఇలాంటి తెలుగు కాకూడదని నా పట్టు. “నా నంబరుకి రిపోర్టు పంపడానికి ఒప్పుకుంటున్నాను”, దాని కింద వేరే గడిలో “ప్రకటనలు పంపడానికి ఒప్పుకుంటున్నాను”. ఇలా రెండు వాక్యాలుంటే ఆవిడ ఒకదాని మీద టిక్కు పెట్టి, రెండోది వదిలేసి ఉండేది.

చేర్పు: ‘ప్రైవసీ’కి గోప్యత బదులు ‘గుట్టు’ వాడొచ్చా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’, ‘గుట్టు రట్టు’ అని రోజూ అనుకునే మనకి అది సొంత మాటే. కానీ గుట్టంటే దాచిపెట్టేది. మా పిన్ని ఫోన్ నంబరు దాచుకోలేదు, రిపోర్టు కోసం తనే చెప్పింది. ఇచ్చిన దాని మీద కూడా మనకి అధికారం మిగిలే ఉంటుందని చెప్పే తెలుగు మాట నాకింకా దొరకలేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లెవరికైనా తెలిస్తే చెప్పండి.