1978 ఎంజీబీకి రబ్బర్ బంపర్లు తీసి క్రోమ్‌వి వేద్దామని మొదలెట్టా, మధ్యలో ఆగిపోయా

ఒహాయో_ఎంజీ:

అందరికీ నమస్తే. నా దగ్గర 1978 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసేసుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది, మూడేళ్ల కింద ఇక్కడ ఒహాయోలోనే ఒక పెద్దాయన దగ్గర కొన్నా. ఇంజన్ పని అంతా నేనే చేసుకున్నా గానీ బాడీ పని ఎప్పుడూ చెయ్యలేదు. ముందు రబ్బర్ బంపర్ ఎండకి పాలిపోయి బూడిద రంగుకొచ్చింది, పైగా పార్కింగ్‌లో ఎవరో రివర్స్‌లో గుద్దేసి వెళ్లిపోయారు. పోయినేడు ఒక బాడీ షాప్‌కి ఇచ్చా, విప్పి రంగేసి మళ్ళీ బిగించారు. ఇంటికొచ్చి చూస్తే ఎడమవైపు బంపర్‌కీ ఫెండర్‌కీ మధ్య వేలు దూరేంత సందు, కుడివైపు ఏమో ఆనుకుపోయి ఫెండర్ పెయింట్ గీసుకుపోతోంది. మూడు నెలలకే బంపర్ మీద రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. అడిగితే పాత కారు కదండీ అంతే అన్నారు, ఆ మాటకి చాలా బాధేసింది.

ఈ ఏప్రిల్‌లో స్వాప్ మీట్‌లో (పాత పార్టులు అమ్ముకునే సంతలో) 1972 కారు నుంచి తీసిన క్రోమ్ బంపర్లు దొరికాయి, ముందుదీ వెనకదీ, ఓవర్‌రైడర్లతో (బంపర్ మీద నిలువుగా ఉండే కొమ్ముల్లాంటి ముక్కలు) సహా. చిన్నప్పటి నుంచి ఎంజీబీ అంటే నా కళ్ళకి కనపడేది ఆ సన్న క్రోమ్ బంపరే, అందుకే ఆగలేక కొనేశా. మొన్న శనివారం నేనూ మా బావమరిదీ కలిసి ముందు రబ్బర్ బంపర్ విప్పాం, ఒక్కడి వల్ల అయ్యే బరువు కాదది. విప్పాక చూస్తే వెనకాల అంతా బోసిగా ఉంది, గ్రిల్ లేదు, కింద వాలెన్స్ (బంపర్ కింద ఉండే రేకు) లేదు, ఇండికేటర్లు బంపర్‌తో పాటే వచ్చేశాయి, కొత్త బంపర్ పట్టుకుని చూస్తే దాని బోల్టులకి కారు మీద ఎక్కడా తగిన చోటు లేదు. ఇంకా ఏమేం కావాలి, వెల్డింగ్ లేకుండా అవుతుందా, లేక పాతదే బాగు చేసి సరిగ్గా బిగించుకోవడం మేలా? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

డాలస్_గ్యారేజ్:

అన్నా, నా 1976 కారుకి ఇదే పని చేశా, ఎనిమిది నెలలు పట్టింది, కానీ గరాజ్ తలుపు తీసిన ప్రతిసారీ ఇప్పటికీ కాసేపు నిలబడి చూస్తా. బంపర్లు దొరకడం ఇందులో చిన్న పని, మిగతాదంతా రేకు పనే.

ముందు వైపు సంగతి. రబ్బర్ బంపర్ కార్లకి ఫెండర్ ముందువైపు ఇండికేటర్‌కి చోటే ఉండదు, పాత వాటికి హెడ్‌లైట్ కింద ఇండికేటరూ పార్కింగ్ లైటూ కలిసిన ల్యాంప్ ఉంటుంది. అంటే పాత మోడల్ ఫెండర్లన్నా కొనాలి, లేదా ఉన్న ఫెండర్ ముందు భాగం కోసి రిపేర్ ప్యానెల్ అతికించాలి. నేను మొత్తం ఫెండర్లే మార్చా, ఎంజీబీ ముందు ఫెండర్లు బోల్టుల మీద వస్తాయి కాబట్టి అదే తేలిక అనిపించింది. దానికి తోడు క్రోమ్ మోడల్ ఫ్రంట్ వాలెన్స్, గ్రిల్, బంపర్ బ్రాకెట్లు. షాసీ రెయిల్స్ చివర నీ కారులో వేరుగా ఉంటుంది కాబట్టి పాత బ్రాకెట్లు నేరుగా కూర్చోవు, కన్వర్షన్ బ్రాకెట్లని అడిగి తీసుకో. గ్రిల్ విషయంలో ఒక సంగతి, నీ బంపర్లు 1972వి కాబట్టి లోపలికి కూర్చునే నల్ల గ్రిల్ దానికి జోడీ. నిలువు పట్టీల క్రోమ్ గ్రిల్ 1969 దాకా వచ్చింది, 1973, 74 కార్లకి తేనెపట్టు లాంటి మెష్. నేనైతే నిలువు పట్టీలదే వేశా, ఏడాది మ్యాచ్ కాకపోయినా నాకు అదే ఇష్టం.

వెనక వెల్డింగ్ తప్పదు. టెయిల్ లైట్ కింద మూలలు రబ్బర్ బంపర్ కూర్చోడానికి వీలుగా కోసినట్టు ఉంటాయి, అక్కడ రేకు ముక్కలు అతికించి ఆ ఒంపు తేవాలి. నంబర్ ప్లేట్ లైట్లు కూడా బంపర్ మీదే ఉన్నాయి కాబట్టి వాటికి కొత్త చోటు చూడాలి.

వైరింగ్ భయపడక్కర్లేదు. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ మీద తెల్ల గీత కుడి, ఎరుపు పార్కింగ్ లైట్, నలుపు ఎర్త్. ఆ నల్ల వైర్ మాత్రం రంగు గీకి మంచి లోహానికి బిగించు, నాకు వారం రోజులు ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైట్ కూడా కొట్టుకునేది, చివరికి చూస్తే ఎర్త్ పెయింట్ మీద ఉంది.

ఆటోనగర్_టింకరింగ్:

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. నీ కారు మోడల్ ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ అంబాసిడర్లూ పాత ఫియట్లూ లెక్కలేనన్ని చేశా, క్రోమ్ బంపర్ బిగింపు ఏ కారుకైనా దాదాపు ఒకటే. నీకు సందు ఎందుకు తేడా వచ్చిందో చెప్తా. వాళ్ళు ఒక పక్క బోల్టులు పూర్తిగా టైట్ చేసి రెండో పక్కకి వెళ్ళుంటారు, అలా చేస్తే ఉన్న వంకరంతా రెండో మూలకి పోతుంది. అన్ని బోల్టులూ చేత్తో తిప్పగలిగినంత వదులుగా పెట్టి, బంపర్‌ని ఒక మనిషి పట్టుకోగా నువ్వు నాలుగడుగులు వెనక్కెళ్ళి చూసి, అప్పుడు మధ్య నుంచి చివరలకి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. కొలత నేల మీద నుంచి తియ్యకు, పాత స్ప్రింగులు ఒక పక్కకి కుంగి ఉంటాయి కాబట్టి నేల అబద్ధం చెప్తుంది. హెడ్‌లైట్ రింగ్ కింది అంచు నుంచి బంపర్ పై అంచుకి రెండు వైపులా టేప్ పెట్టి చూడు. తేడా వస్తే బ్రాకెట్ దగ్గర వాషర్లు వేసి సర్దు, బంపర్‌ని మాత్రం వంచకు, వంచితే క్రోమ్ చిట్లుతుంది, చిట్లిన చోట నుంచి తుప్పు మొదలవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. రేకు పని అయ్యాక, రంగుకి ముందు, బంపరూ గ్రిల్లూ లైట్లూ అన్నీ ఒకసారి పూర్తిగా బిగించి చూసుకో. మా నాన్న ప్రైమర్ మీద బండి నిలబెట్టి కస్టమర్‌ని పిలిచి చూపించి, ఆయన సరే అన్నాకే డబ్బా మూత తీసేవాడు. రంగు వేశాక బోల్టు కన్నం పెద్దది చేయాల్సి వస్తే ఏడుపొస్తుంది.

వెల్డింగ్‌కి ముందు పెట్రోల్ ట్యాంక్ దింపేయ్, ఖాళీ చేస్తే చాలదు, ఖాళీ ట్యాంక్‌లో ఆవిరే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ వైర్లు తీసెయ్. పల్చటి రేకు కాబట్టి వరుసగా లైన్ లాగకు, ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టి చల్లారనివ్వు, లేకపోతే రేకు అలలు అలలుగా లేస్తుంది, ఆ అలల్ని పుట్టీతో నింపితే రెండేళ్లలో పగిలి బయటపడుతుంది. బంపర్ లోపలి వైపు ఎవరూ చూడరు కదా అని వదలకు, తుప్పు గీకి ప్రైమరూ రంగూ వెయ్యి, క్రోమ్ బంపర్లు చచ్చేది అటు నుంచే.

కొవెంట్రీ_నుంచి:

అందరూ క్రోమ్ వైపే ఉన్నారు, నేను రెండో వైపు మాట్లాడతా, ఎందుకంటే నా 1979 కారుకి నేను రబ్బర్‌వే ఉంచుకున్నా. అమెరికాలో 1973 మోడల్స్ నుంచి గంటకి 5 మైళ్ల వేగంతో ముందు గుద్దినా లైట్లూ సేఫ్టీ పార్టులూ పాడవకూడదని రూల్ వచ్చింది, దాని కోసమే 1974 చివర్లో లోపల ఉక్కు దిమ్మె, పైన పాలీయురేథేన్ తొడుగుతో ఈ బంపర్లు పుట్టాయి. హెడ్‌లైట్ల ఎత్తు రూల్ కోసం కారుని కూడా 1 అంగుళం పైకి లేపారు. అది చాలామందికి నచ్చలేదు, నిజమే. కానీ 1980లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆరేళ్లు ఈ కారు ఇలాగే తయారైంది, అది కూడా ఆ కారు చరిత్రే కదా. ఒకప్పుడు అందరూ మార్చేశారు కాబట్టి ఇప్పుడు ఒరిజినల్‌గా ఉన్నది చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

మీ బంపర్ రంగు లేచిపోవడానికి కారణం కింద తయారీ సరిగ్గా లేకపోవడం. పాత పాలిష్, సిలికాన్ అంతా డీగ్రీజర్‌తో రెండు మూడు సార్లు కడిగి, గ్రే స్కఫ్ ప్యాడ్‌తో రుద్ది, ప్లాస్టిక్‌కి వేసే అడ్హెషన్ ప్రమోటర్ (రంగు పట్టుకునేలా చేసే పూత) కొట్టి, ఫ్లెక్స్ అడిటివ్ (రంగు పగలకుండా వంగేలా చేసేది) కలిపిన సాటిన్ బ్లాక్ వేస్తే నిలబడుతుంది. మామూలు పెయింట్ గట్టిపడిపోతుంది, కింద తొడుగు కొంచెం వంగగానే పెచ్చులూడుతుంది. హీట్ గన్‌తో కాలిస్తే నల్లగా అవుతుందని వీడియోలు ఉంటాయి, అవుతుంది, కొన్నాళ్లకి మళ్ళీ పాలిపోతుంది. ఇక ఎడమవైపు సందుకి, గుద్దారు అన్నారు కదా, ఉక్కు దిమ్మె వంగిందేమో ఒకసారి నేల మీద బోర్లా పెట్టి వంకర లేని బద్ద ఆనించి చూడండి. ఏది చేసినా ఇన్సూరెన్స్ వాళ్ళకి మార్పు సంగతి ముందే చెప్పండి.

ఒహాయో_ఎంజీ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. బద్ద పెట్టి చూశా, దిమ్మె ఎడమ చివర నిజంగానే వంగి ఉంది, ఆ షాప్‌లో ఇది చూడకుండానే రంగేశారు. కొవెంట్రీ గారూ, మీరు చెప్పింది చదివాక రెండు రోజులు ఆలోచించా. మనసు మాత్రం క్రోమ్ దగ్గరే ఉంది. కానీ రబ్బర్ బంపర్లూ వాటి బ్రాకెట్లూ ఒక్క బోల్టు పోకుండా అటక మీద పెడతా, నా తర్వాత ఈ కారు తీసుకునేవాళ్ళకి ఇచ్చేస్తా. ఒక్క డౌట్, ఆ 1 అంగుళం ఎత్తు కూడా దించాలా? క్రోమ్ బంపర్‌తో చక్రాల పైన ఖాళీ ఎక్కువ కనపడుతుందేమో అని.

డాలస్_గ్యారేజ్:

కనపడుతుంది. కానీ బంపర్ల పని మొత్తం అయ్యాకే దాని జోలికి వెళ్ళు, రెండూ ఒకేసారి విప్పితే కారు ఏడాది జాకీల మీదే ఉంటుంది. వెనక యాక్సిల్‌కీ లీఫ్ స్ప్రింగ్‌కీ మధ్య లోయరింగ్ బ్లాకులు చవక, కాకపోతే బంప్ స్టాప్‌కి (యాక్సిల్ బాడీకి తగలకుండా ఆపే రబ్బర్ ముక్క) దూరం తగ్గి గుంటల్లో కొట్టుకుంటుంది, క్రోమ్ మోడల్ లీఫ్ స్ప్రింగులు వేస్తే బాగుంటుంది. ముందు వైపు పొట్టి కాయిల్ స్ప్రింగులతో సరిపెట్టు. పాత మోడల్ క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం) వేసుకోమని కొందరు చెప్తారు, అది స్టీరింగ్ దాకా పోతుంది, చూపు కోసం అంత పని వద్దు. నీది 1978 కాబట్టి ముందూ వెనకా యాంటీ రోల్ బార్లు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీలు) ఉంటాయి, నా 1976కి అవి లేక వేరే కొనాల్సి వచ్చింది.

ఆటోనగర్_టింకరింగ్:

తమ్ముడూ, వెనక మూలలు కోసే ముందు రెండు వైపులా ఫోటోలు పెట్టు, అట్టతో టెంప్లేట్ కోసి రేకు మీద ఆనించి తీసిన ఫోటో కూడా. ఎంత కోయాలో ఇక్కడి నుంచే చెప్తా.

ఒహాయో_ఎంజీ:

తప్పకుండా అన్నా. ఈ ఆదివారం ట్యాంక్ దింపుతున్నాం, మా బావమరిది వస్తానన్నాడు. సాయంత్రానికి ఫోటోలు పెడతా.