వరద శిక్షణకు ఊళ్లో ఎవరిని పిలవాలి?

ప్రశ్న (లంక గ్రామ యువజన సంఘం నుంచి):
అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్య ఒక లంక. ఎర్రనీరు, అంటే వరద నీరు రాకముందే రెండు రోజుల శిక్షణ పెట్టాలనుకుంటున్నాం. ముంపు జాగ్రత్తలు, ప్రథమ చికిత్స, వరద తర్వాత వచ్చే రోగాలు చెప్పిస్తాం. పీహెచ్‌సీ డాక్టరు గారు వస్తానన్నారు. హాల్లో నలభై మందికి మించి పట్టరు. పోయినసారి సర్పంచి గారు, మెంబర్లు, టీచర్లు, ఆశా కార్యకర్తలతోనే కుర్చీలు నిండిపోయాయి. ఈసారి ఎవరిని పిలవాలో చెప్పండి.

జవాబు (రిటైరైన హెల్త్ సూపర్‌వైజర్):
బాబూ, అర్ధరాత్రి ఇంట్లోకి నీళ్లొస్తే ఊళ్లో ముందుగా ఎవరి తలుపు తడతారో వాళ్ల పేర్లు రాసుకో. నేనైతే మొదట పడవ నడిపేవాళ్లను రాస్తాను. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో అక్కడ 25 లక్షలు దాటింది. కాజ్‌వే మునిగాక నొప్పులొచ్చిన తల్లికైనా, పాము కరిచిన మనిషికైనా పడవే దిక్కు. కరిచిన చోటుకు పైన తాడు బిగించి కట్టడం నేను కళ్లారా చూశాను. కట్టకూడదు, కోయకూడదు. కాలు కదలకుండా ఉంచి, విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి పడవలో ఉన్నవాడికి తెలియాలి కదా!

రెండో మనిషి మంచినీటి ట్యాంకు దగ్గర మోటారు వేసే అతను. ఇతన్ని ఏ శిక్షణకూ పిలవగా నేను చూడలేదు, నాకు ఇప్పటికీ అదే బాధ. బ్లీచింగ్ పౌడర్ బస్తా మూతి తెరిచి వదిలేస్తే ఘాటు పోతుంది. ఆ పొడి ఎంత కలిపినా లాభం లేదు. ఊరి చివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ పరీక్ష అతని చేతే చేయించండి, చూసి వదిలేస్తే రాదు.

తర్వాత ఆర్ఎంపీలు. జ్వరమొస్తే మన జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే. వరద నీళ్లలో నడిచినవాళ్లకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే అది ఎలుకల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. సూది వేసి ఇంటికి పంపకుండా పీహెచ్‌సీకి రాసి పంపాలి.

ఈతొచ్చిన కుర్రాళ్లకు ఆపద మిత్ర అనే విపత్తు సహాయ శిక్షణ ఇప్పుడు ఇస్తున్నారేమో కలెక్టరేట్‌లో అడుగు.

జవాబు (ఆశా కార్యకర్త):
పెద్దాయన చెప్పింది నిజమే, కానీ మమ్మల్ని పూర్తిగా పక్కన పెట్టకండి. నెలలు నిండిన గర్భిణుల జాబితా మా దగ్గరే ఉంటుంది. మొదటి హెచ్చరికకే వాళ్లను ఒడ్డుకు చేర్చాలి. మమ్మల్నీ పడవ వాళ్లనూ ఒక పూట కలిపి కూర్చోబెడితే ఎవరింటికి ముందు రావాలో అక్కడే తేలిపోతుంది. డ్వాక్రా అక్కలకు మధ్యాహ్నం మూడింటికి పెట్టండి, పొద్దున్న రాలేరు. విరేచనాలైనప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చిన్న చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు. చెమ్చా అంచు దాకానే, గోపురంలా కాదు. నోటితో చెబితే మర్చిపోతారు, తలా ఒక గ్లాసు కలిపించండి.

జవాబు (మామిడికుదురు వైపు నుంచి):
మా పక్క గ్యాసు పైపులైన్ల భయం కూడా ఉందండి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో జరిగిన పైపులైను పేలుడు ఎవరం మరచిపోలేదు. మీ ఊళ్లో లైను ఉంటే దాని పక్క ఇళ్లవాళ్లను, తెల్లవారుజామునే పొయ్యి వెలిగించే టీ కొట్టువాళ్లను తప్పకుండా పిలవండి. గ్యాసు లీకైందని అనుమానం రాగానే అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్ వేయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. గాలికి అడ్డంగా దూరం నడిచి వెళ్లాకే ఫోన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. మా లంకలో లైను లేదు. మొదటి రోజు పడవ వాళ్లు, ఆశాలు. రెండో రోజు పొద్దున్న ట్యాంకు అతను, ఆర్ఎంపీలు, మధ్యాహ్నం డ్వాక్రా వాళ్లు. ఒకటే టెన్షన్, పడవ వాళ్లు పని మానుకుని వస్తారా?

హెల్త్ సూపర్‌వైజర్:
ఆ రోజు కూలి ఇవ్వండి బాబూ. బ్యానరు, శాలువాల ఖర్చు మానేస్తే సరిపోతుంది.