పార్సీల దఖ్మా: రాబందులు లేకపోతే ఆత్మ సంగతేమిటి?

ప్రశ్న
హైదరాబాద్‌లో పార్సీగుట్ట పేరు విననివాళ్ళు ఉండరు, అక్కడే పార్సీల దఖ్మా, అంటే చనిపోయినవారి దేహాన్ని ఉంచే కట్టడం, ఉంది. పార్సీలు దేహాన్ని రాబందులకు వదలడం ఆకలిగొన్న పక్షులకు చేసే చివరి దానమని ఒకచోట, నేలా నిప్పూ మైలపడకూడదనే అలా చేస్తారని ఇంకోచోట చదివాను. ఏది సరైనది? ఇప్పుడు రాబందులే లేవు కదా, మరి పోయినవారికి గతి కుదరదనుకుంటారా?

జవాబు 1
అసలు కారణం రెండోదేనండీ. పార్సీలు పాటించే జరతుష్ట్ర మతంలో చావు దేవుడు ఇచ్చింది కాదు, ఆ దేవుడైన అహుర మజ్దా సృష్టి మీద చెడు చేసిన దాడి. ప్రాణం పోగానే ‘నసు’ అనే కుళ్ళు దయ్యం దేహంలో చేరుతుంది. పుణ్యాత్ముడి దేహానికి మైల ఇంకా ఎక్కువ, ఎందుకంటే అలాంటివాణ్ణి పడగొట్టడానికి చెడు తన బలమంతా కూడగట్టుకోవాలి. ఈ మైల నిప్పుకీ నీటికీ మట్టికీ అంటకూడదు. అందుకే కాల్చరు, పూడ్చరు.

తంతు ఇలా సాగుతుంది. స్నానం చేయించి, శుభ్రమైన పాత తెల్లబట్టలు తొడిగి, సుద్రా (పవిత్రమైన లోచొక్కా) మీద కుస్తీ (నడుముకు చుట్టే పవిత్రమైన తాడు) కడతారు. దేహం చుట్టూ లోహపు మేకుతో మూడుసార్లు గీత గీస్తారు. ఆ గీత దాటి లోపలికి వెళ్ళేది నస్సెసాలార్లు, అంటే దేహాన్ని మోసేవాళ్ళు, మాత్రమే. తర్వాత కళ్ళపైన రెండు మచ్చలున్న ‘నాలుగు కళ్ళ’ కుక్కను తెచ్చి దేహాన్ని చూపిస్తారు. దాని చూపుకి నసు బెదురుతుందని నమ్మకం. దీన్ని సగ్‌దీద్ అంటారు. ఇద్దరు పురోహితులు అహునవైతి గాథ అనే ప్రార్థనాగీతం (యస్న అనే పవిత్రగ్రంథంలో 28 నుంచి 34 అధ్యాయాలు) చదువుతూ మధ్యలో ఒకచోట ఆగుతారు. సరిగ్గా అప్పుడే దేహాన్ని పాడె మీదికి ఎత్తాలి. పాడె ఇనుపదే. చెక్క తేమ పీల్చుకుంటుంది కాబట్టి మైల వదలదు. ఊరేగింపు పగటిపూటే. వెనక నడిచేవాళ్ళు ఇద్దరిద్దరుగా తెల్లగుడ్డ చెరో చివర పట్టుకుంటారు.

దఖ్మా అంటే పైకప్పు లేని గుండ్రటి రాతి కట్టడం. బయటి వరుస పురుషులకు, మధ్య వరుస స్త్రీలకు, లోపలిది పిల్లలకు. నేల మధ్యనున్న బావివైపు వాలుగా ఉంటుంది. ఎండిన ఎముకలు ఆ బావిలోకి చేరతాయి. వాననీరు కాలువల గుండా పోయి బొగ్గు, ఇసుకరాయి పొరల్లో వడకట్టుకున్నాకే నేలలోకి ఇంకుతుంది. మట్టికి మైల అంటకూడదన్న పట్టుదల ఈ కట్టడంలో రాయిరాయికీ కనిపిస్తుంది.

జవాబు 2
ఆత్మ సంగతి నేను చెబుతాను. రాబందు ఆత్మను మోసుకుపోదు. మూడు రాత్రులు ఆత్మ ఇక్కడే, దేహం తలాపున ఉంటుంది. పసిబిడ్డలా దిక్కుతోచని స్థితి కాబట్టి స్రోష యజత (సరోష్) అనే దేవత కాపలా కాస్తాడు. ఆ రోజుల్లో ప్రార్థనలన్నీ ఆయన పేరుతోనే. మూడో రోజు మధ్యాహ్నం ఉఠమ్నా అనే ప్రార్థనాసభ జరుగుతుంది, పోయినవారి పేరుతో దానాలు ప్రకటించేది అప్పుడే. నాలుగో రోజు తెల్లవారుజామున ఆత్మ పరలోకానికి దారైన చిన్వత్ వంతెన చేరుతుంది. అక్కడ రష్ను అనే న్యాయదేవత తక్కెడ పట్టి మంచీ చెడూ తూస్తాడు. ఎదురొచ్చేది ఎవరో కాదు, తన నడవడికే ఆడరూపం దాల్చి వస్తుంది, మంచిదైతే అందగత్తెగా, చెడ్డదైతే వికారంగా. సజ్జనుడికి వంతెన విశాలమవుతుంది, దుర్మార్గుడికి కత్తి అంచులా సన్నబడుతుంది. నరకం కూడా శాశ్వతం కాదు, లోకం మళ్ళీ శుద్ధి అయ్యే ఫ్రషోకెరెతి దాకానే.

మన అపరకర్మలతో పోల్చేటప్పుడు జాగ్రత్త. గరుడపురాణం ప్రకారం పది రోజుల పిండాలతో ప్రేతానికి ఒక్కో అవయవం ఏర్పడుతుంది, మొదటి రోజు తల, పదో రోజు ఆకలిదప్పులు. కాకి పిండం ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని బెంగపడతాం. దఖ్మాలో పక్షి పాత్ర అది కాదు, మైలను తొందరగా తొలగించడం మాత్రమే. కాబట్టి దఖ్మా దొరక్కపోయినా, నాలుగు రోజుల ప్రార్థనలు జరిగితే ఆత్మకు లోటులేదనే పార్సీలు ఎందరో.

జవాబు 3
ఆ ‘తొందరగా’ అన్నదే ఇప్పుడు దెబ్బతింది. రాబందుల గుంపు వాలితే గంటలోపే పని అయిపోయేది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా రాబందుల్లో చేరి మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుంచి 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. దఖ్మా దగ్గరే పెద్ద పంజరం కట్టి రాబందులను పెంచుదామన్న ఆలోచనకూ అదే మందు అడ్డు, చివరి రోజుల్లో రోగికి నొప్పి తగ్గడానికి ఇచ్చినా ప్రమాదమే.

ముంబైలో దఖ్మాలున్న డూంగర్‌వాడీలో ఎండను దేహం మీదికి మళ్ళించే అద్దాలు పెట్టారు. అవి తేమను ఆరబెడతాయి, కానీ వానాకాలం మబ్బు పట్టిందంటే పనిచెయ్యవు. కాకులు, గద్దలు రాబందులకు సాటిరావు. దహనం ఎంచుకున్నవారి కోసం 2015లో వర్లీ శ్మశానంలో ప్రార్థనాలయం తెరిచారు. ఢిల్లీలో ఖననం ఎప్పటినుంచో ఉంది. ఇరాన్ జరతుష్ట్రులైతే దఖ్మాలు వదిలేసి సిమెంటు గోడల సమాధులకు మారారు, శవం మట్టికి తగలకుండా. కోవిడ్ మృతుల విషయంలో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు కుదిరిన పద్ధతి ప్రకారం దఖ్మా పైన లోహపు వల కట్టాలన్నారు, పక్షులు తాకకుండా ఎండకే ఎండేలా.

జవాబు 4
‘దానం’ అన్న మాట టిబెట్ నుంచి వచ్చి కలిసిపోయి ఉంటుంది. అక్కడ దేహాన్ని పక్షులకు పెట్టే ఆచారమైన ఝతోర్ అంటే అర్థమే పక్షులకు భిక్ష. ఆ పని చేసే రోగ్యప దేహాన్ని ముక్కలు చేసి, ఎముకలు దంచి, బార్లీ పిండి కలిపి పెడతాడు. దఖ్మాలో దేహం మీద కత్తి పడదు. టిబెట్‌వారి నమ్మకంలో పునర్జన్మకు ముందు బార్దో, అంటే చావుకీ మళ్ళీ పుట్టుకకీ మధ్య స్థితి, గరిష్ఠంగా 49 రోజులు. పార్సీల లెక్క నాలుగో తెల్లవారుకే తేలిపోతుంది.