సేవ్ చేసి మూసేసిన ఎక్సెల్ ఫైల్లో చెరిపిన వరుసలు తిరిగి తెచ్చుకోవడం ఎలా?

వరుససంఖ్య:
విండోస్ 11, ఎక్సెల్ 2019. ఫైలు డి డ్రైవులో ఉంది, మామూలు హార్డ్ డిస్కు. వన్‌డ్రైవ్ వాడకం లేదు. ఎంట్రీల షీట్లో ఏడాది వరుసలన్నీ చెరిపి, కొత్త ఏడాదికి ఖాళీ నమూనాగా వేరే పేరుతో సేవ్ కావాల్సింది పాత పేరుతోనే సేవ్ అయింది. తర్వాత ఫైలు మూసేయడం కూడా జరిగింది. ఇప్పుడు తెరిస్తే ఎంట్రీల షీట్లో హెడ్డింగులు తప్ప ఏమీ లేవు. దాని మీద కట్టిన పివట్ టేబుల్ (వరుసలను కూడి మొత్తాలుగా చూపే పట్టిక) రెండో షీట్లో ఉంది, అది మాత్రం ఇంకా పాత మొత్తాలే చూపిస్తోంది. 'రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్' ఖాళీ. పోయినవి సుమారు 6,000 వరుసలు. రికవరీ సాఫ్ట్‌వేరు ఏదైనా వేసి చూడమంటారా?

ఇంకోకాపీ:
ఇప్పుడే ఏమీ వేయకండి. డి డ్రైవులో అసలే వద్దు. ముందు ఆ ఫైలును పెన్‌డ్రైవులోకి కాపీ చేయండి. ఇక మీదట ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీదే. పివట్ మీద రిఫ్రెష్ గానీ, డేటా ట్యాబులో రిఫ్రెష్ ఆల్ గానీ పొరపాటున కూడా నొక్కొద్దు. ఎందుకో కింద ఎవరో ఒకరు చెప్తారు.

అన్‌సేవ్డ్ జాబితా ఖాళీగా ఉండటంలో వింతేమీ లేదు. అది సేవ్ చేయకుండా మూసేసిన ఫైళ్ల కోసం. మీది సేవ్ అయిన ఫైలు. ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకోసారి కాపీ తీస్తుంది గానీ, సేవ్ చేసి సవ్యంగా మూయగానే ఆ కాపీని ఎక్సెలే చెరిపేస్తుంది. నెట్లో దొరికే సలహాల్లో సగం ఈ తేడా చూడకుండా రాసినవే.

ఇవి చదివే మిగతావాళ్లకు: ఫైలు ఇంకా తెరిచే ఉంటే మూయకండి. సేవ్ చేశాక కూడా కంట్రోల్ జెడ్ పనిచేస్తుంది, 100 మార్పుల వరకు వెనక్కి వెళ్లొచ్చు. మధ్యలో షీటును మార్చే మాక్రో (పనులను తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాము) నడిచి ఉంటే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది.

మీరు చూడాల్సినవి: ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్. ఈ పాత రూపాలను దాచే విండోస్ ఏర్పాటు, సిస్టమ్ ప్రొటెక్షన్, సాధారణంగా సి డ్రైవుకే ఆన్‌లో ఉంటుంది కాబట్టి డి కి ఏమీ రాకపోవచ్చు, అయినా అర నిమిషం పని. తర్వాత ఆ ఫైలు ఎవరికైనా మెయిల్లో వెళ్లిందేమో 'సెంట్' ఫోల్డరులో వెతకండి. పక్కనే టిల్డే, డాలరు గుర్తులతో (~$) మొదలయ్యే చిన్న ఫైలు కనబడితే ఆశపడకండి. ఫైలును ఎవరు తెరిచారో రాసుకునే చీటీ అది, 165 బైట్లే ఉంటుంది, డేటా ఉండదు.

క్లస్టర్:
డిస్కు సంగతి నేను చెప్తాను. సేవ్ కొట్టగానే ఎక్సెల్ పాత ఫైలు మీదే రాయదు. అదే ఫోల్డరులో వేరే పేరుతో తాత్కాలిక ఫైలు కొత్తగా రాసి, అది పూర్తయ్యాక పాతదాన్ని తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. అంటే మీ పాత డేటా డిస్కులో వేరే చోట, డిలీట్ అయిన ఫైలుగా ఉండే అవకాశం ఉంది. అందుకే ఆ డ్రైవులో ఏదీ రాయొద్దనేది. హార్డ్ డిస్కు కాబట్టి ఈ మాట అంటున్నాను. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ ఆదేశం ఆ జాగాను వెంటనే ఖాళీ చేయిస్తుంది, ఆశ దాదాపు ఉండదు.

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫైల్ రికవరీ ఉచితం. కమాండ్ లైనులో నడుస్తుంది, తీసిన ఫైళ్లను తప్పనిసరిగా ఇంకో డ్రైవులో పెట్టమంటుంది. ఫైలు పేరుతో మాత్రమే వెతికి వదిలేయకండి, డిలీట్ అయినది టీఎంపీ పొడిగింపుతో కూడా ఉండొచ్చు. అలాంటిది దొరికితే పొడిగింపు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా మార్చి తెరవండి. తెరుచుకోకపోతే ఎక్సెల్ ఓపెన్ డైలాగులో ఓపెన్ బటన్ పక్కనున్న బాణం నొక్కి ఓపెన్ అండ్ రిపేర్. అయితే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ నిజానికి జిప్ ఫైలు. దాని విషయసూచిక చివర్లో ఉంటుంది. ఆ తోక ముక్క పోతే మిగతాదంతా ఉన్నా ఎక్సెల్ మొరాయిస్తుంది. కాబట్టి ఇది చివరి ప్రయత్నం. మీ విషయంలో ఇంతదూరం రావాల్సిన పని లేదనుకుంటా, పివట్ ఉందన్నారు కదా.

పివట్‌పిచ్చి:
అవును, మీ డేటా ఆ ఫైల్లోనే ఉంది. పివట్ టేబుల్ తన మూలం షీటును ప్రతిసారీ చదవదు. రిఫ్రెష్ అయిన క్షణాన మూలం మొత్తాన్ని కాష్‌గా కాపీ చేసుకుని ఫైల్లో దాచుకుంటుంది. ఇప్పుడు రిఫ్రెష్ చేస్తే ఖాళీ షీటును చదివి ఆ కాష్‌ను కూడా ఖాళీ చేసుకుంటుంది.

కాపీ తెరిచి, పివట్లో కుడివైపు అట్టడుగున ఉన్న గ్రాండ్ టోటల్ గడి మీద డబుల్ క్లిక్ చేయండి. కొత్త షీట్లో వరుసలన్నీ పరుచుకుంటాయి. గ్రాండ్ టోటల్ లేకపోతే డిజైన్ ట్యాబులో ఆన్ చేసుకోవచ్చు. పని జరగకపోతే పివట్ టేబుల్ ఆప్షన్స్, డేటా ట్యాబులో 'ఎనేబుల్ షో డీటెయిల్స్' టిక్కు చూడండి.

వరుససంఖ్య:
వచ్చింది! కానీ 6,000 కాదు, 500 చిల్లర వరుసలే. అన్నీ మార్చి నెలవే.

పివట్‌పిచ్చి:
పైన ఫిల్టరో స్లైసరో (బటన్ల రూపంలో ఉండే ఫిల్టరు) మార్చి నెల మీద ఉంది. పివట్ మీద ఏ ఫిల్టరు ఉంటే డబుల్ క్లిక్ ఆ మేరకే ఇస్తుంది. అనలైజ్ ట్యాబులో క్లియర్, క్లియర్ ఫిల్టర్స్ కొట్టి మళ్లీ చేయండి. సరిగ్గా 1,000 దగ్గర ఆగి ఉంటే అది వేరే జబ్బు: డేటా మోడల్ (ఫైల్లోనే ఉండే చిన్న డేటాబేసు లాంటిది) మీద కట్టిన పివట్ మామూలుగా మొదటి 1,000 వరుసలే ఇస్తుంది. అప్పుడు ఒక్కో నెల మొత్తం మీద విడివిడిగా డబుల్ క్లిక్ చేసి అతికించుకోవాలి.

వరుససంఖ్య:
ఫిల్టరే. తీసేశాక అన్నీ వచ్చాయి, 6,112. తేదీల గడుల్లో మాత్రం 45 వేల పైచిలుకు అంకెలున్నాయి.

పివట్‌పిచ్చి:
అవే తేదీలు. కాలమ్ ఎంచుకుని ఫార్మాట్ మార్చండి. ఇంకో రెండు: ఫార్ములాలు రావు, వాటి ఫలితాలు మాత్రమే వస్తాయి, తిరిగి రాసుకోవాలి. చివరి రిఫ్రెష్ తర్వాత చేర్చిన ఎంట్రీలు కాష్‌లో ఉండవు, చివరి తేదీ చూసి సరిపోల్చుకోండి.

పివట్ లేనివాళ్లకు ఇలాంటిదే ఇంకో చోటు ఉంది. పోయిన ఫైలుకు లింకు ఉన్న వేరే వర్క్‌బుక్ ఏదైనా ఉంటే, అందులో లింకు చేసిన గడుల విలువలు నిల్వ ఉంటాయి. తెరిచేటప్పుడు లింకులు అప్‌డేట్ చేయాలా అని అడిగితే వద్దనండి. దాని కాపీకి జిప్ పొడిగింపు పెట్టి విప్పితే ఎక్స్‌ఎల్ ఫోల్డరులోని ఎక్స్‌టర్నల్‌లింక్స్‌లో ఆ విలువలు చదువుకోవచ్చు.

ఇంకోకాపీ:
ఆ ఫైలుకు ఇప్పుడే ఒక ఏర్పాటు చేసుకోండి. సేవ్ యాజ్ డైలాగులో సేవ్ బటన్ పక్కన టూల్స్, జనరల్ ఆప్షన్స్, 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్'. ప్రతి సేవ్‌కూ అంతకు ముందరి రూపం ఎక్స్‌ఎల్‌కే పొడిగింపుతో పక్కన మిగులుతుంది. ఒక్క తరమే దాస్తుంది సుమా, వరసగా రెండుసార్లు సేవ్ కొడితే అదీ మారిపోతుంది. ఇక ఖాళీ నమూనా కావాలంటే ఎక్సెల్ టెంప్లేటుగా సేవ్ చేసి పెట్టుకోండి. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే పేరు లేని కొత్త ఫైలే తెరుచుకుంటుంది కాబట్టి కంట్రోల్ ఎస్ కొట్టినా పేరు అడుగుతుంది.