కేరళ బ్లాస్టర్స్‌పై 4 కోట్ల జరిమానా న్యాయమేనా?

కొచ్చి_పసుపు:
2023 మార్చి 3, బెంగళూరు కంఠీరవ స్టేడియం, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) నాకౌట్. మా కేరళ బ్లాస్టర్స్‌కీ బెంగళూరుకీ మ్యాచ్. 90 నిమిషాల్లో గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరుకి ఫ్రీ కిక్ వచ్చింది. మావాళ్లు ఇంకా సర్దుకోకముందే సునీల్ ఛెత్రీ కొట్టేశాడు, రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చారు. మా కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ టీమ్‌ని బయటికి పిలిచేశాడు. మళ్లీ రాలేదు. మ్యాచ్ బెంగళూరుదైంది.

ఆ నెలాఖరుకి ఏఐఎఫ్ఎఫ్ (దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) క్రమశిక్షణ కమిటీ క్లబ్‌కి 4 కోట్ల జరిమానా వేసింది. ఇవాన్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా. బహిరంగ క్షమాపణ చెప్పకపోతే క్లబ్‌కి 6 కోట్లు, ఇవాన్‌కి 10 లక్షలట.

వాకౌట్ తప్పే. మ్యాచ్ పోయింది, సీజన్ అక్కడితో అయిపోయింది. కోచ్‌ నిషేధం కూడా ఒప్పుకుంటాను. నాకు మింగుడు పడనిది క్షమాపణ షరతు. తప్పు ఒకటే అయితే, సారీ చెప్పిన వాడికో రేటు, చెప్పని వాడికో రేటు ఎలా? మనసులో అన్యాయం జరిగిందని నమ్ముతున్నవాడి చేత 2 కోట్లు చూపించి సారీ చెప్పించడం క్రమశిక్షణ కాదు, బలవంతం.

కంఠీరవ_నీలం:
అన్నా, విజిల్ వద్దు, వాల్ (అడ్డుగా నిలబడే ఆటగాళ్ల వరస) వద్దు అని రెఫరీకి చెప్పే కొట్టానని ఛెత్రీ మ్యాచ్ తర్వాత అన్నాడు. క్విక్ ఫ్రీ కిక్ రూల్స్‌లో ఉన్నదే. పోనీ, రెఫరీదే పొరపాటు అనుకుందాం. ఇంకా 20 నిమిషాలకు పైగా ఆట మిగిలి ఉంది కదా! ఆడి, గోల్ కొట్టి, ఆ తర్వాత ఫిర్యాదు చేయాల్సింది. 2012 డిసెంబర్‌లో ఈస్ట్ బెంగాల్‌తో జరిగిన కోల్‌కతా డెర్బీలో మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీకి గ్యాలరీ నుంచి వచ్చిన రాయి తగిలింది. ఆ తర్వాత టీమ్ ఆడనంటే వాళ్లనీ వదల్లేదు. మీకు రాయీ తగల్లేదు, రప్పా తగల్లేదు.

కొచ్చి_పసుపు:
మంచి ఉదాహరణే తెచ్చావు తమ్ముడూ. బగాన్‌కి ముందు రెండేళ్ల బహిష్కరణ. కొద్ది వారాల్లోనే అది ఎత్తేసి, 2 కోట్ల జరిమానా, అప్పటిదాకా వచ్చిన పాయింట్లు సున్నా అన్నారు. మాకేమో 4 కోట్లు, లేదంటే 6. ఏ తప్పుకి ఎంత అనేది ముందే రాసి ఉంటే ఇన్ని రకాలుగా మారుతుందా? రెఫరీ అంత క్లిష్టమైన గోల్ ఇచ్చినప్పుడు చూసుకోవడానికి లీగ్‌లో అప్పుడు వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయం సరిచూసే పద్ధతి) కూడా లేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ:
హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిని. 2022 ఫైనల్లో మిమ్మల్ని పెనాల్టీల్లో ఓడించింది మేమే, ఆ గొడవ ఇప్పుడొద్దు. మాకు జీతాల బకాయిలతో ట్రాన్స్‌ఫర్ బ్యాన్ (కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం) పడింది. ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో కుర్రాళ్లతో నెట్టుకొచ్చి, ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచాం. డబ్బు ఎగ్గొట్టింది ఒకరు, మైదానంలో గోల్స్ తిన్నది వేరొకరు. బ్లాస్టర్స్ విషయంలో పిలిచింది కోచ్, ఆయన్నే ఆపారు. ఆ ముక్క వరకు మీకు దక్కింది న్యాయమే అంటాను.

కంఠీరవ_నీలం:
క్లబ్ కూడా ఆపలేదుగా? ఆ రాత్రి ఒక్క అధికారి కిందికి దిగి, ఆడండి అనుంటే 4 కోట్లూ మిగిలేవి.

కొచ్చి_పసుపు:
అది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. జరిమానా వేయండి. కానీ ఆ లెక్క సీజన్ మొదలయ్యే ముందే అన్ని క్లబ్‌లకీ ఇవ్వండి. క్షమాపణకి ధర మాత్రం పెట్టకండి.