బేకరీ ట్రేల ర్యాక్ చెక్కతో చేయించాలా, స్టీలుది కొనాలా?

మారతహళ్ళి బన్ను:
బెంగళూరులో మా ఇంట్లోనే బ్రెడ్డు, బన్నులు, కేకులు చేసి మా అపార్ట్‌మెంట్‌లోనే అమ్ముతుంటాను. డైనింగ్ టేబుల్ చాలడం లేదు, 400 × 600 మి.మీ. ట్రేలు పట్టే ర్యాక్ కావాలి. మావారేమో మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఔట్ నుంచి చెక్క తెచ్చి మనమే చేసేద్దాం అంటారు, అత్తగారు తినేవాటికి స్టీలే అని పట్టుబట్టారు. ఏం చేయమంటారు?

స్టీలు పక్షం:
అత్తగారి మాట వినండి. చెక్క తడి పీలుస్తుంది, సందుల్లో తుంపులు ఇరుక్కుంటాయి, బొద్దింకలకు పండగ. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ శుభ్రత నియమాలు, అదే షెడ్యూల్ 4 కూడా సామాను తేలిగ్గా శుభ్రమయ్యేలా ఉండాలనే చెబుతుంది.

రంపం రాజు:
చెక్క అనగానే మురికి అనేయకండి సార్. అమెరికాలో డీన్ క్లివర్ అనే ప్రొఫెసర్ 1990ల్లో కటింగ్ బోర్డుల మీద పరీక్షలు చేశారు, చెక్కలోకి ఇంకిన బాక్టీరియా పెరగలేదు, కత్తిగాట్లు పడ్డ ప్లాస్టిక్ బోర్డే శుభ్రం కాక సతాయించింది.

స్టీలు పక్షం:
అది మాంసం కోసే బోర్డు సంగతి. బన్నుకు బూజుతో గొడవ, బూజుకు తేమ చాలు.

కోరమంగళ ఓవెన్:
తేమ విషయం నిజమే, కానీ అది చెక్క వల్లా స్టీలు వల్లా కాదు, గాలి ఆడకపోవడం వల్ల. వేడి బ్రెడ్డును పలక మీద పెడితే, అది ప్లైవుడ్ అయినా స్టీలు రేకు అయినా, ఆవిరి బయటికి పోలేక అడుగున నీరై కూర్చుంటుంది, మర్నాటికి అడుగు మెత్తబడిపోతుంది. అందుకని పూర్తిగా చల్లారేదాకా తీగల జాలీ మీదే ఉంచండి, ఓవెన్‌లోంచి తీసిన ట్రేని తిన్నగా చెక్క మీద పెట్టొద్దు. ర్యాక్‌కి అసలు పలకలే వద్దు. నాలుగు నిలువు కాళ్ళు, ట్రే అంచు ఆనడానికి రెండు పక్కలా 20 మి.మీ. బద్దలు, అంతే. ట్రే 400 వైపు నుంచి లోపలికి జారాలి, అటూ ఇటూ 3 మి.మీ. వదులుంచండి, లేకపోతే వానాకాలంలో చెక్క ఉబ్బి ట్రే ఇరుక్కుంటుంది. బన్నులకు అరకీ అరకీ మధ్య 4 అంగుళాలు చాలు, బ్రెడ్డుకు 6 కావాలి.

చెక్క దగ్గరే జాగ్రత్త. రబ్బరు చెక్క మందు పట్టించినదే తీసుకోండి, లేదంటే పురుగు తొలిచి సన్నటి పొడి రాలుతుంది, బేకరీలో దాన్ని అందరూ మైదా అనుకుంటారు! పాత ప్యాలెట్లు, అంటే సరుకు రవాణాకు వాడే చెక్క చట్రాలు, విప్పి వాడేవాళ్ళు వాటిమీది ముద్ర చూడాలి: హెచ్‌టి అంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబి అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, అది తిండి దగ్గరికి రానివ్వొద్దు. పచ్చి పైన్ జిగురు వాసనను వెన్న ఇట్టే పట్టేస్తుంది. పైపూతకు ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ మంచిది. వంటనూనె రాస్తే కొన్నాళ్ళకు పాతనూనె కంపు కొడుతుంది.

చెన్నై ఉప్పుగాలి:
స్టీలు అన్నవాళ్ళకు ఒక మాట. బజారులో స్టీలు ర్యాక్ అని అమ్మేవాటిలో చాలావరకు ఇనుముకు రంగేసినవే. మా ఇంట్లో వెల్డింగ్ చేసినచోటల్లా తుప్పు. కొంటే 304 గ్రేడ్, అంటే తేలిగ్గా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు, అని అడిగి కొనండి, ధర విన్నాక మళ్ళీ చెక్క వైపే చూస్తారేమో.

స్టీలు పక్షం:
సరే, ట్రేలు స్టీలువైతే ఫ్రేము చెక్కదైనా ఊరుకుంటాను. ఒక్కటే షరతు, కాళ్ళు నేలకు ఆనకూడదు. ఇల్లు తుడిచిన నీళ్ళు పీల్చి అడుగు నుంచే పుచ్చిపోతుంది. ఎస్‌జేపీ రోడ్డులో చక్రాలు దొరుకుతాయి, వేయించండి.

మారతహళ్ళి బన్ను:
చక్రాలా! మా చిన్నోడు దాన్ని బీఎంటీసీ బస్సు చేసేస్తాడండీ.

రంపం రాజు:
ముందువైపు రెండూ బ్రేకు చక్రాలు తీసుకోండి అక్కా. కిందనున్న అరలో ట్రే పెట్టొద్దు, వాడే ఎక్కి కూర్చుంటాడు.