స్కూల్ పిల్లల విదేశీ ట్రిప్‌కి తోడుగా వెళ్తున్నాను, అక్కడ నా పని ఏంటి?

కొత్త_తోడు
అందరికీ నమస్కారం. మా అమ్మాయి క్లాసు పిల్లల్ని స్కూల్ వాళ్లు పారిస్ తీసుకెళ్తున్నారు. అందరూ 13, 14 ఏళ్ల వాళ్లు. టీచర్లు సరిపోవట్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు తోడు రండి అంటే నేను సరేనన్నాను. ఒప్పుకున్నాక టెన్షన్ మొదలైంది. నాకు ఫ్రెంచ్ రాదు, పారిస్ ఎప్పుడూ చూడలేదు. దారి చూపించేది టీచర్లు, టికెట్లు చూసుకునేది ఏజెన్సీ. మరి నేనేం చేయాలి అని అడిగితే "పిల్లల్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి, చాలు" అంటున్నారు. ఆ కాస్తలో ఏమేం ఉంటాయో వెళ్లొచ్చినవాళ్లు చెప్తారా?

చివరి_డబ్బా
నేను టీచర్ని, ఇలాంటి ట్రిప్పులు నడిపిస్తుంటాను. ఊరు తెలియకపోయినా ఏం కాదండి. దారి తెలిసినవాళ్లు ముందు నడుస్తారు, మీ చోటు అందరికన్నా వెనక. మీ తర్వాత పిల్లలెవరూ ఉండకూడదు. అంతే మీ పని. కానీ రోజంతా చేయాలి.

పిల్లలు తప్పిపోయేది పెద్ద పెద్ద చోట్ల కాదు. ఐఫిల్ టవర్ కింద అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. తప్పిపోయేది తలుపుల దగ్గర: మెట్రో, లిఫ్టు, టాయిలెట్, మ్యూజియం షాపు. పారిస్ మెట్రోలో 1, 4, 14 నంబర్ లైన్లకు డ్రైవర్ ఉండడు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. "ఆగండాగండి, ఇంకో ఇద్దరున్నారు" అంటే వినే మనిషి ఉండడు. అందుకే మొత్తం గుంపుని ఒకే తలుపు దగ్గర ఎక్కించొద్దు. ఆరేడుగురికి ఒక పెద్దవాళ్లు చొప్పున విడగొట్టి, ఒక్కో జట్టుని ఒక్కో తలుపు దగ్గర నిలబెట్టండి. పిల్లలంతా ఎక్కాకే పెద్దవాళ్లు ఎక్కాలి.

ఇక మొదటిరోజే పిల్లల చేత అప్పజెప్పించుకోవాల్సిన రూలు ఒకటుంది. రైలు వెళ్లిపోయి నువ్వు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే అక్కడే నిలబడు, తర్వాతి రైలెక్కొద్దు. నువ్వొక్కడివే రైల్లో వెళ్లిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే ఉండు, మేమొస్తాం. ఈ రెండూ అందరికీ ఒకేలా తెలియాలి. లేకపోతే వెతికేవాళ్లు అటు, పిల్లలు ఇటు తిరుగుతూనే ఉంటారు.

కొత్త_తోడు
లెక్కపెట్టడం ఎలాగండి? వరస నంబర్లు ఇచ్చి అరిపిస్తే సరిపోతుందా?

చివరి_డబ్బా
వద్దండి. 17వ నంబర్ టాయిలెట్‌లో ఉంటే పక్కనున్న స్నేహితుడే "పదిహేడు" అని అరిచేస్తాడు. వాడి దృష్టిలో అది సాయం! ముఖాలు చూసి మీరే లెక్కపెట్టాలి. మీ జట్టులో ఏడుగురుంటే ఆ ఏడు ముఖాలే మీవి, మిగతావాళ్ల సంగతి మీకొద్దు. మొత్తం ముప్పైమందినీ అందరూ లెక్కపెడుతుంటే ఒక్కో పెద్దాయనకి ఒక్కో అంకె వస్తుంది, మీరే చూస్తారుగా.

ఇద్దరి_అమ్మ
కొత్త_తోడు గారూ, మీ అమ్మాయిని మీ జట్టులో వేయొద్దని ఇప్పుడే చెప్పండి. నేను మా పెద్దాడి క్లాసుతో లండన్ వెళ్లినప్పుడు వాడిని వేరే టీచర్ జట్టులో వేశారు. వాడికీ హాయి, నాకూ హాయి. తల్లి పక్కనే ఉంటే ఆ పిల్ల స్నేహితులతో కలవదు. మనకేమో తెలియకుండానే చూపు మన పిల్ల వైపే పోతుంది, మిగతా ఆరుగురు గాలికి. ఇంకోటి, మీ పాపకి జ్వరమొస్తే ఎవరు చూడాలి, మీరా టీచరా? అది కూడా ముందే తేల్చుకోండి.

మందుల_సంచి
మా స్కూల్ ట్రిప్పుల్లో మందుల సంగతి నేనే చూస్తాను కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్, తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్ల ఎపిపెన్ లాంటి ఇంజెక్షన్ ఎప్పుడూ ఆ పిల్లల దగ్గరే ఉండాలి. సూట్‌కేసులో కాదు, బస్సులో కాదు, హోటల్ గదిలో కాదు. అదే మందు అదనంగా ఇంకోటి ఉంటే అది జట్టు పెద్దవాళ్ల దగ్గర. మిగతా మందులు కొన్న డబ్బాల్లోనే, డాక్టర్ చీటీతో పాటు రావాలి. కవర్లో విడి మాత్రలు పోసి పంపే తల్లిదండ్రులు ప్రతిసారీ ఉంటారు. అవేంటో ఎయిర్‌పోర్టులో మనమూ చెప్పలేం, అర్ధరాత్రి అక్కడి డాక్టరూ చెప్పలేడు. ఒక దేశంలో మామూలుగా దొరికే దగ్గు మందు, నొప్పి మాత్ర ఇంకో దేశంలో నిషేధం కావచ్చు. వెళ్లే దేశం రూలు చూసుకున్నాకే సర్దాలి.

తలనొప్పి అన్నారని మీ పర్సులోంచి మాత్ర తీసి ఇవ్వకండి. ఎవరికి ఏ మందు ఇవ్వొచ్చో తల్లిదండ్రులు రాసి సంతకం పెట్టిన కాగితం ఉండాలి, ఇచ్చిన ప్రతిసారీ టైము రాసుకోవాలి. అత్యవసరంగా చికిత్స చేయించడానికి అనుమతి పత్రం వేరుగా తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో అంబులెన్స్‌కి 15. యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడైనా 112 పనిచేస్తుంది, మీరు అదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

శానిటరీ ప్యాడ్లు మీ బ్యాగులో ఎప్పుడూ ఉంచండి, ఉన్నాయని ఆడపిల్లలకు మొదటిరోజే చెప్పండి. అడగడానికి సిగ్గుపడి రోజంతా ఇబ్బంది పడేవాళ్లుంటారు. మగ టీచరే జట్టు పెద్ద అయితే మరీను.

నిద్ర సంగతి: పడమటికి ఎగిరితే పిల్లలు తెల్లవారకముందే లేచి కారిడార్లో తిరుగుతారు. తూర్పుకి ఎగిరితే ఎంత లేపినా లేవరు. మొదటి రెండు రోజుల ప్లాను దాన్ని బట్టి వేసుకోమనండి.

రాత్రి_కాపలా
ఫోన్ల మాట ఎవరూ ఎత్తలేదేం? మేమైతే రాత్రి పదింటికి అందరి ఫోన్లూ తీసేసుకుంటాం, పొద్దున ఇస్తాం. తెల్లవార్లూ వీడియోలు చూసి మర్నాడు మ్యూజియంలో నేల మీద పడి నిద్రపోయిన బ్యాచ్‌ని చూశాక పెట్టిన రూలు ఇది. తల్లిదండ్రులతో మాట్లాడాలంటే అంతకుముందే మాట్లాడుకోవాలి.

షింజుకు_దాకా
రాత్రి తీసుకోండి, పగలు మాత్రం ఉంచండి. మేం పిల్లలతో టోక్యో వెళ్లాం. అక్కడ షింజుకు స్టేషన్‌కి 200కి పైగా దారులున్నాయి. "స్టేషన్ బయట కలుద్దాం" అంటే ఏ బయట? దారి పేరు, దాని బోర్డు ఫొటో గ్రూపులో పెడితే తప్ప కలవలేం.

అయితే ఫోన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. చార్జింగ్ అయిపోతుంది, భూగర్భంలో సిగ్నల్ ఉండొచ్చు లేకపోవచ్చు. ప్రతి పిల్ల జేబులో ఒక కార్డు ఉండాలి: హోటల్ పేరు, అడ్రసు అక్కడి భాషలో, ఇద్దరు టీచర్ల నంబర్లు దేశం కోడ్‌తో సహా. కార్డు మీద పిల్ల పేరు, స్కూల్ పేరు పైకి కనపడేలా మెడలో వేలాడదీయొద్దు. పేరుపెట్టి పిలిచే అపరిచితుణ్ని పిల్లలు ఇట్టే నమ్మేస్తారు.

పవర్ బ్యాంకులు సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే పెట్టాలి. మామూలుగా 100 వాట్ అవర్ల లోపువే అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, పర్వాలేదు. చెకిన్ లైన్లో పిల్లలంతా సూట్‌కేసులు విప్పి కూర్చునే సీన్ చూడాలంటే ఈ మాట చెప్పడం మర్చిపోండి.

ఇద్దరి_అమ్మ
పారిస్ అంటే జేబుదొంగల గురించి చెప్పాలి. లూవ్ర్ మ్యూజియం, ఐఫిల్ టవర్ దగ్గర అట్ట మీద కాగితం పట్టుకుని "ఒక్క సంతకం" అంటూ వస్తారు. మీరు సంతకం పెడుతుంటే ఇంకొకరు బ్యాగు చూసుకుంటారు. సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి రంగు దారం కట్టేసి డబ్బులడుగుతారు. మర్యాదగా పెరిగిన పిల్లలే వీళ్లకి ముందు దొరుకుతారు, ఎవరైనా పలకరిస్తే ఆగి బదులిస్తారు కదా. ఆగకుండా నడిచిపోవడం తప్పు కాదని ముందే చెప్పాలి. మెట్రో తలుపు పక్కన నిలబడి ఫోన్ చూసుకోవడం కూడా మాన్పించండి. తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు.

చివరి_డబ్బా
పాస్‌పోర్టులు పిల్లల దగ్గర ఉంచొద్దనే నా అభిప్రాయం. ప్రయాణం రోజు తప్ప టీచర్ల దగ్గరే ఉండాలి, హోటల్ లాకర్‌లో. ప్రతిదాని ఫొటో కనీసం ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్లలో ఉండాలి. పోతే ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత ఎంబసీ. వారాంతంలో మామూలు పనులకు ఎంబసీ మూసి ఉంటుంది, అదొక తలనొప్పి.

చాలా దేశాల్లో పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. షెంగెన్ దేశాల (ఫ్రాన్స్‌తో సహా ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాలు) నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి. 2025 అక్టోబర్ నుంచి అక్కడ పాస్‌పోర్టులో ముద్ర వేసే బదులు ఫొటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతి దశలవారీగా మొదలైంది. 12 ఏళ్లు నిండనివాళ్లకి వేలిముద్రలుండవు, మీ పిల్లలంతా ఆ వయసు దాటినవాళ్లే. అక్కడ ఆలస్యం కావచ్చు కాబట్టి దిగిన రోజు ఇంకే టికెట్లూ బుక్ చేయొద్దనండి.

రాత్రి_కాపలా
హోటల్ గురించి. పిల్లల గదులన్నీ ఒకే అంతస్తులో, పెద్దవాళ్ల గదులు కారిడార్‌కి రెండు చివర్లా, లిఫ్టుకి దగ్గర్లో అడగాలి. గదిలో దిగగానే మంటలొస్తే వెళ్లే మెట్లు ఎటో పిల్లల్ని నడిపించి చూపించాలి. కొన్ని స్కూళ్లు రాత్రి తలుపులకి బయట సన్నటి టేపు అంటిస్తాయి, తెరిస్తే తెలిసేలా.

ఇద్దరి_అమ్మ
ఆ టేపు నాకు నచ్చదండి. పిల్లల్ని దొంగల్లా చూసినట్టుంటుంది. పైగా ఒంట్లో బాగోలేని పిల్ల తలుపు తీయడానికి భయపడితే?

రాత్రి_కాపలా
ఒంట్లో బాగోకపోతే నా తలుపు కొట్టమని అందరికీ చెప్తాం, దానికి ఎవరూ ఏమీ అనరు. టేపు లేని ట్రిప్పులో అర్ధరాత్రి రిసెప్షన్ నుంచి ఫోనొస్తుంది, మీ పిల్లలు నలుగురు కింద ఉన్నారని. నేను టేపు వైపే.

ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు లేదు. పిల్లలున్న గదిలోకి ఒంటరిగా వెళ్లకండి. తలుపు తీసే ఉంచి, ఇంకో పెద్దవాళ్లని తోడు పిలవండి. అది పిల్లలకీ మంచిది, మీకూ మంచిది. మిగతా పిల్లల ఫొటోలు మీ స్టేటస్‌లో పెట్టకండి కూడా.

కొత్త_తోడు
అందరికీ చాలా థ్యాంక్స్. మా ప్లాను చూసుకున్నాను: సోమవారం వెర్సాయ్, మంగళవారం లూవ్ర్, బుధవారం ఓర్సే మ్యూజియం. ఇందులో చూసుకోవాల్సిందేమైనా ఉందా?

షింజుకు_దాకా
మంగళవారం లూవ్ర్‌కి సెలవు! వెర్సాయ్ ప్యాలెస్ సోమవారం మూసేస్తారు, ఓర్సే కూడా సోమవారమే. ఇవాళే టీచర్‌కి ఫోన్ చేయండి. లూవ్ర్‌లో 18 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశం ఉచితమే కానీ వయసు రుజువు చూపించాలి, గ్రూపుకి ముందే స్లాటు బుక్ చేసుకోవాలి.

కొత్త_తోడు
చెప్పానండి. టీచర్ ఏజెన్సీని నిలదీశారట. లూవ్ర్ గురువారానికి, వెర్సాయ్ మంగళవారానికి మార్చారు. రేపు తల్లిదండ్రుల మీటింగ్ ఉంది. అక్కడ తప్పక అడగాల్సింది ఏదైనా ఉందా?

మందుల_సంచి
ఉంది. ఒక పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఒక పెద్దవాళ్లు ఆ పిల్లతో వెళ్లిపోతారు. అప్పుడు ఆ జట్టుని ఎవరు తీసుకుంటారు? ఆ పిల్ల తిరుగు ప్రయాణం నాటికి కోలుకోకపోతే ఎవరు ఆగిపోతారు, ఆ టికెట్ మార్పు, అక్కడి ఖర్చు ఇన్సూరెన్స్‌లో ఉన్నాయా? పేర్లతో సహా జవాబు చెప్పమనండి. "అప్పుడు చూసుకుందాం" అంటే ఇంకో పెద్దవాళ్లని చేర్చమని అక్కడే అడగండి. మిగతా తల్లిదండ్రులు మీ వెంటే ఉంటారు.